ఖాళీ వేరు, సున్నా వేరు: రెడీమేడ్ ప్రోగ్రామింగ్ జవాబులపై ఒక పరిశీలన

కంప్యూటరు నేర్చుకునే ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే అనుభవం ఇది. రాత్రంతా కూర్చుని ఒక ప్రోగ్రాము రాస్తారు. నడపగానే తెర మీద ఎర్రటి అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. ఫలానా వరుసలో ఫలానా తప్పు ఉందని ఆ సందేశం చెబుతుంది. అప్పుడు మీరేం చేస్తారు? ‘తరచు వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు’ తరహా పుస్తకం తిరగేస్తారు. అమీర్‌పేటలో జిరాక్సు తీయించుకున్న నోట్సు వెతుకుతారు. లేదా అడిగిందే తడవుగా ప్రోగ్రాము రాసిచ్చే కృత్రిమ మేధను అడుగుతారు. రెండు మూడు వరుసల జవాబు దొరుకుతుంది. దాన్ని తెచ్చి అతికిస్తారు. ఎర్ర అక్షరాలు మాయమవుతాయి. హమ్మయ్య అనుకుంటారు.

సమస్య నిజంగా తీరిందా, లేక మనం దాని నోరు నొక్కేశామా? ఈ ప్రశ్న చాలామంది వేసుకోరు. దత్తాంశాల విశ్లేషణ, డేటాబేసులు, మొబైలు ఫోన్ల ప్రోగ్రాములు అనే మూడు రంగాల్లోనూ బాగా వాడుకలో ఉన్న కొన్ని రెడీమేడ్ జవాబులను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందుగా వాటి మేలు చెప్పుకోవడం న్యాయం. మంచి గురువు అందుబాటులో లేని చిన్న ఊళ్ల విద్యార్థులకు ఈ జవాబులే గురువులయ్యాయి. అవి క్లుప్తంగా ఉంటాయి. తప్పుకు ఒక పేరు పెడతాయి. ఈ చిక్కు మీ ఒక్కరికే కాదు, వేలమందికి వచ్చిందని ధైర్యం చెబుతాయి. సామాను సరిగా అమరకపోవడం, కామా మరిచిపోవడం, పాత వెర్షనులోని ఆజ్ఞ కొత్త వెర్షనులో పనిచేయకపోవడం వంటి చిక్కులకు వాటిని మించిన సాధనం లేదు. అక్కడ తప్పు యంత్రానికి సంబంధించినది. యంత్రం ఎక్కడున్నా ఒకటే కాబట్టి జవాబూ ఒకటే.

చిక్కు అంతా తప్పు యంత్రానిది కాక సమాచారపు అర్థానికి సంబంధించినది అయినప్పుడు వస్తుంది. ఆ అర్థం సమాచారం పుట్టిన చోట ఉంటుంది. జవాబు రాసినవాడు ఆ చోటు చూసి ఉండడు. కాబట్టి మనం ఒక చోటు ఎంచుకుని, అక్కడ నిలబడి ఈ జవాబులను పరీక్షిద్దాం.

పరీక్షాస్థలం: వండూర్

దక్షిణ అండమాన్ దీవి పడమటి తీరాన వండూర్ అనే ఊరుంది. అక్కడి జెట్టీ నుంచి పడవలు జాలీ బాయ్ దీవికి వెళతాయి. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానానికి వండూరే ప్రవేశద్వారం. సుమారు 281 చదరపు కిలోమీటర్ల ఈ ఉద్యానంలో 15 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. మన తెలుగువారికి ఈ దీవులు కొత్తేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగే.

ఇక్కడ ఒక కళాశాల విద్యార్థుల బృందం పనిచేస్తోందని ఊహించుకోండి. వాళ్లు తీరంలోనూ దీవుల్లోనూ తిరిగి పక్షులను లెక్కపెడతారు. సముద్రపు నీటి ఉష్ణోగ్రత కొలుస్తారు. ఆ వివరాలను ఫోనులో నమోదు చేస్తారు. అవి కళాశాలలోని డేటాబేసుకు చేరతాయి. సంవత్సరాంతంలో వాటిని విశ్లేషించి నివేదిక రాస్తారు. బృందం మన ఊహ. వాళ్లకు ఎదురయ్యే చిక్కులు మాత్రం ఊహలు కావు. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు రోజూ ఎదుర్కొనేవే. ఫలితం కనిపించే విశ్లేషణతో మొదలుపెట్టి, మూలమైన ఫోను దాకా వెనక్కి నడుద్దాం.

ఖాళీ గడిలో ఏముంది?

ఆరు నెలలపాటు ఒక దీవిలో కొంగలను లెక్కపెట్టారనుకోండి. మొదటి మూడు నెలల్లో 12, 15, 9 కనిపించాయి. తరువాతి రెండు నెలల గడులు ఖాళీగా ఉన్నాయి. ఆరో నెలలో మళ్లీ 12. ఈ పట్టికను ప్రోగ్రాముకు ఇస్తే, ఖాళీ గడులున్నందువల్ల లెక్క చేయలేనని అది మొరాయించింది. రెడీమేడ్ జవాబు సిద్ధంగా ఉంది: ‘ఖాళీలను సున్నాతో నింపండి’.

నింపారు. ఎర్ర అక్షరాలు పోయాయి. సగటు ఎంత వచ్చింది? మొత్తం 48ని 6తో భాగిస్తే 8. నిజంగా లెక్కపెట్టిన నెలలు నాలుగే. 48ని 4తో భాగిస్తే 12. ఒక్క వరుస ప్రోగ్రాముతో దీవిలోని కొంగల్లో మూడోవంతు మాయమైపోయాయి.

మరి ఆ గడులు ఎందుకు ఖాళీగా ఉన్నాయి? వండూర్‌లో దీనికి స్పష్టమైన కారణం ఉంది. జాలీ బాయ్ దీవిని సంవత్సరమంతా తెరిచి ఉంచరు. పగడాలకు విశ్రాంతి ఇవ్వడానికి జాలీ బాయ్‌ను, రెడ్ స్కిన్ దీవిని సంవత్సరంలో కొన్నేసి నెలలు మార్చి మార్చి సందర్శకులకు తెరుస్తారు. మూసిన నెలల్లో మన బృందం అక్కడికి వెళ్లలేదు. వెళ్లలేదు కాబట్టి లెక్కపెట్టలేదు. కొంగలు లేవని దీని అర్థం కాదు. మనం లేమని అర్థం.

ఇప్పుడు అదే పట్టికలో ఇంకో నిలువు వరుస చేర్చండి: ఆ దీవికి వచ్చిన పర్యాటకుల సంఖ్య. మూసిన నెలల్లో అదీ ఖాళీగానే ఉంది. ఇక్కడ మాత్రం సున్నా వేయడం సరైనదే! దీవి మూసి ఉంది, ఎవరూ రాలేదు, ఆ సంగతి మనకు తెలుసు. చూశారా, ఒకే పట్టిక, ఒకే నెల, పక్కపక్క గడులు. ఒకదానిలో ఖాళీ అంటే సున్నా, మరొకదానిలో ఖాళీ అంటే తెలియదు. ఈ తేడా కంప్యూటరుకు తెలిసే మార్గం లేదు. జవాబు రాసినవాడికీ తెలియదు. పట్టిక తయారు చేసిన మీకే తెలుసు.

సున్నా కూడా ఒక సంఖ్యే. దానితో కూడిక, తీసివేతల నియమాలను క్రీ.శ. 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పాడు. సున్నా అంటే ‘చూశాను, ఏమీ లేదు’ అన్న గట్టి సమాచారం. ఖాళీ అంటే ఏ సమాచారమూ లేదని. రెండింటినీ ఒకటి చేస్తే అజ్ఞానానికి విజ్ఞానం వేషం కట్టినట్టే.

ఈ విషయంలో సాధనాలు కూడా ఒక్కమాట మీద ఉండవు. పైథాన్ భాషలో విశ్లేషణకు వాడే పాండాస్ అనే సాధనాన్ని అన్నీ ఖాళీలే ఉన్న వరుసను కూడమంటే, ఇతర సూచన లేకపోతే, సున్నా అని జవాబిస్తుంది. అదే పని డేటాబేసుల భాష ఎస్.క్యు.ఎల్.కు అప్పగిస్తే ‘తెలియదు’ అంటుంది. ప్రశ్న ఒకటే, జవాబులు రెండు. రెండింట్లోనూ ఎర్ర అక్షరాలు రావు!

ఖాళీ సమస్యను బాగా పరిష్కరించిన ఒక ఉదాహరణ చెప్పుకుందాం. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ‘ఈబర్డ్’లో మన దేశపు పక్షిప్రేమికులు కూడా నమోదులు చేస్తున్నారు. జాబితా పంపేటప్పుడు అది ఒక ప్రశ్న వేస్తుంది: మీరు గుర్తించగలిగిన పక్షులన్నిటినీ ఇందులో రాశారా? అవునంటే, జాబితాలో లేని పక్షి ఆ సమయంలో కనబడలేదని అర్థం. కాదంటే, దాని గురించి ఏమీ చెప్పలేం. పక్షి కనబడింది గాని ఎన్నో లెక్కపెట్టలేదంటే, సంఖ్యకు బదులు ఇంటూ గుర్తు వేయవచ్చు. అండమాన్ దీవులకే ప్రత్యేకమైన నల్ల వడ్రంగిపిట్ట అరుపు విని గుర్తించారు గాని ఎన్ని ఉన్నాయో తెలియదు. అప్పుడు ఇంటూ వేస్తారు. ఎంత తెలివైన ఏర్పాటు!

ఆ ఇంటూ ఉన్న పట్టికను కొత్త విద్యార్థి విశ్లేషించబోతే ‘ఇది సంఖ్య కాదు’ అనే సందేశం వస్తుంది. రెడీమేడ్ జవాబు: ‘సంఖ్య కానివాటిని ఖాళీగా మార్చి, ఖాళీ వరుసలను తీసేయండి’. తీసేస్తే వడ్రంగిపిట్ట ఉన్నదన్న వార్తే పోతుంది. పరిశీలకుడు జాగ్రత్తగా రాసిన నిజాన్ని విశ్లేషకుడు చెరిపేశాడన్నమాట.

విపరీత విలువలు

రెండో రెడీమేడ్ జవాబు: ‘మిగతావాటికి దూరంగా ఉన్న విలువలను తొలగించండి’. దీనికొక సూత్రం కూడా చెబుతారు. విలువలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పెట్టి, మొదటి చతుర్థాంశం, మూడో చతుర్థాంశం కనుక్కోవాలి. ఆ రెండింటి తేడాకు ఒకటిన్నర రెట్లు లెక్కగట్టి, మూడో చతుర్థాంశానికి కలిపితే పై హద్దు, మొదటిదాని నుంచి తీసేస్తే కింది హద్దు. హద్దుల బయట ఉన్నవి అనుమానించదగ్గవి.

మన బృందం కొలిచిన నీటి ఉష్ణోగ్రతలు 28.6, 28.8, 29.0, 29.1, 29.3, 31.5 డిగ్రీలు అనుకోండి. చతుర్థాంశాలు 28.8, 29.3. తేడా 0.5. దానికి ఒకటిన్నర రెట్లు 0.75. పై హద్దు 30.05. కాబట్టి 31.5 బయటికి పోతుంది. మిగతా అయిదింటి సగటు సుమారు 29. నివేదికలో ‘సముద్రం మామూలుగా ఉంది’ అని రాస్తారు.

ఆ 31.5 ఏమిటో ఎవరైనా అడిగారా? థర్మామీటరు చెడిపోయి ఉండవచ్చు. అలాగైతే తీసేయడం సబబే. సముద్రమే వేడెక్కి ఉంటే? పగడపు జీవుల శరీరంలో సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. పగడాలకు రంగునూ, ఆహారంలో చాలా భాగాన్నీ అవే ఇస్తాయి. నీరు మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే చాలు, పగడాలు ఆ శైవలాలను బయటికి నెట్టేస్తాయి. తెల్లగా పాలిపోతాయి. ఆ స్థితి కొనసాగితే చనిపోతాయి. అండమాన్ సముద్రంలో 1998లోనూ, 2010 వేసవిలోనూ, 2016లోనూ పగడాలు ఇలా తెల్లబారాయి. ఆ సంవత్సరాల కొలతలు మిగతావాటికి దూరంగానే ఉంటాయి. దూరంగా ఉండటమే అక్కడ వార్త. రెడీమేడ్ సూత్రం దేన్ని పట్టుకోవడానికి పరిశోధన మొదలుపెట్టామో దాన్నే పారేస్తుంది.

ఇందులో సూత్రం తప్పేమీ లేదు. అది అనుమానించమంది, అంతే. ‘అనుమానించండి’ అన్నదాన్ని ‘తొలగించండి’ అని మార్చి రాసిన జవాబులో ఉంది తప్పు.

డేటాబేసులో ‘నల్’

ఇప్పుడు డేటాబేసు దగ్గరికి వద్దాం. పట్టికల రూపంలో సమాచారాన్ని దాచే సిద్ధాంతాన్ని ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు ఐ.బి.ఎం.లో పనిచేస్తూ 1970లో ప్రకటించాడు. ఖాళీ గడిని సూచించే గుర్తుకు ‘నల్’ అని పేరు. నల్ ఉన్నచోట తర్కం మారిపోతుంది. మామూలుగా ఒక వాక్యం నిజమో అబద్ధమో అవుతుంది. ఇక్కడ ‘తెలియదు’ అనే మూడో స్థితి ఉంది.

మన కొంగల పట్టికనే తీసుకోండి. డేటాబేసును మూడు ప్రశ్నలు అడుగుదాం. 10 కన్నా ఎక్కువ కొంగలు కనిపించిన నెలలు ఎన్ని? మూడు. పది లేదా అంతకు తక్కువ కనిపించిన నెలలు ఎన్ని? ఒకటి. మొత్తం నెలలు ఎన్ని? ఆరు. మూడూ ఒకటీ నాలుగే కదా, మిగతా రెండు నెలలు ఎక్కడికి పోయాయి? ఖాళీ గడి పది కన్నా ఎక్కువా అంటే ‘తెలియదు’, తక్కువా అన్నా ‘తెలియదు’. తెలియనివాటిని డేటాబేసు జవాబులో చూపించదు. తప్పు సందేశమూ ఇవ్వదు.

ఇంకా వింతైనది ఒకటి ఉంది. ‘మూసిన దీవుల జాబితాలో లేని దీవులన్నిటినీ చూపించు’ అని అడిగారనుకోండి. ఆ జాబితాలో పొరపాటున ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఒక్క దీవి పేరు కూడా రాదు. ఎందుకంటే, రెడ్ స్కిన్ ఆ జాబితాలో లేదని చెప్పాలంటే జాబితాలోని ప్రతి పేరూ రెడ్ స్కిన్ కాదని తేలాలి. ఖాళీ గడిలో ఉన్నది రెడ్ స్కిన్ పేరే కావచ్చు, తెలియదు. అందువల్ల ఏ దీవి విషయంలోనూ ‘లేదు’ అని కచ్చితంగా చెప్పడం కుదరదు. కంప్యూటరు తర్కం సరైనదే! మన ప్రశ్నే ఆ ఖాళీని లెక్కలోకి తీసుకోలేదు.

దీనికి దొరికే రెడీమేడ్ జవాబు ‘ఖాళీ వరుసలను ముందే వడగట్టి అడగండి’ అని. పని జరుగుతుంది. ఒక దీవి పేరు ఎందుకు ఖాళీగా ఉందో మాత్రం ఎప్పటికీ తెలియదు. అసలు నల్‌ను ఉంచడమే పొరపాటని సి. జె. డేట్ వంటి నిపుణులు దశాబ్దాలుగా వాదిస్తున్నారు. కాడ్ తాను 1990లో ప్రచురించిన పుస్తకంలో, ఖాళీలకు ఒక గుర్తు చాలదు, రెండు కావాలన్నాడు. విలువ ఉంది గాని మనకు తెలియదు అనడానికి ఒకటి, అక్కడ విలువ అనేదే వర్తించదు అనడానికి మరొకటి. లెక్కపెట్టడం మరిచిపోయిన రోజుకు మొదటిది. గుడ్లు పెట్టని మగపక్షి పక్కన ‘గుడ్ల సంఖ్య’ గడికి రెండోది. ఈ ప్రతిపాదన వాడుకలోకి రాలేదు. కాని ఆ ఆలోచనను మీరు మీ పట్టికలో అమలు చేయవచ్చు. ఖాళీ పక్కనే ‘కారణం’ అనే ఇంకో నిలువు వరుస పెట్టండి. ‘దీవి మూసి ఉంది’, ‘వాన వల్ల వెళ్లలేదు’, ‘పరికరం చెడిపోయింది’. ఈ మూడు మాటలు రాయడానికి పట్టే సమయం ఎంత?

ఒకే పేరు, రెండు ఊళ్లు

డేటాబేసులో ప్రతి వరుసకూ దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసే గుర్తింపు ఉండాలి. ‘ఊరి పేరునే గుర్తింపుగా వాడండి’ అనేది తేలికగా దొరికే సలహా. వండూర్ దీన్ని వెంటనే పడగొడుతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలోనూ ఒక వండూర్ ఉంది. 1921 మలబారు తిరుగుబాటు తరువాత అక్కడి నుంచి అండమాన్‌కు వచ్చి స్థిరపడిన మాప్పిళ్లలు తమ ఊళ్ల పేర్లను కొత్త ఊళ్లకు పెట్టుకున్నారు. అందుకే దక్షిణ అండమాన్‌లో వండూర్‌తోపాటు మంజేరి, కాలికట్ కూడా కనిపిస్తాయి. పేరును నమ్ముకుని రెండు పట్టికలను కలిపితే కేరళ వానలు అండమాన్ పక్షుల మీద కురుస్తాయి!

పేర్లు మారతాయి కూడా. పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టినట్టు కేంద్రప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రకటించింది. పేరే గుర్తింపు అయితే ఒకే ఊరు రెండు ఊళ్లుగా చీలుతుంది. ఇది మనకూ కొత్త కాదు. తెలంగాణ ఏర్పడిన 2014లో 10 జిల్లాలున్నాయి. 2016లో అవి 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పాత సంవత్సరాల వర్షపాతాన్ని కొత్త జిల్లాల పేర్లతో పోల్చబోయిన విద్యార్థికి కొన్నిచోట్ల ఖాళీలు వస్తాయి. ‘సున్నాతో నింపండి’ అన్న జవాబు అక్కడ మళ్లీ ఎదురుచూస్తూ ఉంటుంది. అప్పుడు ఆ జిల్లాలో చుక్క వాన పడలేదని నివేదిక చెబుతుంది.

చేతిలోని ఫోను

ఇక మూలానికి వద్దాం. పడవలో ఉన్న విద్యార్థి ఫోనులో నమోదు చేస్తున్నాడు. ఫోనుకు ఉపగ్రహాల సంకేతం అందలేదు. స్థలం తెలియదు. ప్రోగ్రాము ఆగిపోయింది. రెడీమేడ్ జవాబు: ‘స్థలం తెలియకపోతే అక్షాంశం, రేఖాంశం రెండూ సున్నాలుగా తీసుకోండి’. ప్రోగ్రాము ఇక ఆగదు. కాని అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అనేది భూమి మీద నిజంగా ఉన్న చోటు. ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా, గినీ సింధుశాఖలో ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి తప్పు నమోదులు అక్కడికి చేరుతూ ఉండటం వల్ల పటాలు తయారు చేసేవాళ్లు ఆ చోటుకు సరదాగా ‘నల్ దీవి’ అని పేరు పెట్టారు. అక్కడ దీవి ఏదీ లేదు, నీళ్లే!

అక్షాంశ రేఖాంశాలు తారుమారు కావడం మరో సాధారణమైన తప్పు. ‘అక్షాంశం 90 దాటితే తిరస్కరించండి’ అన్నది దీనికి చెప్పే మందు. వండూర్ సుమారు 11.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 92.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. తారుమారైతే అక్షాంశం 92.6 అవుతుంది, తప్పు పట్టుబడుతుంది. అదే ప్రోగ్రామును హైదరాబాదుకు తీసుకురండి. 17.4, 78.5 తారుమారైతే 78.5 డిగ్రీల ఉత్తరం, 17.4 డిగ్రీల తూర్పు అవుతుంది. అది ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వేకు చెందిన స్పిట్స్‌బెర్గెన్ దీవి. పరీక్షకు అభ్యంతరం లేదు! ఒకచోట పనిచేసిన మందు మరోచోట పనిచేయదని ఇంతకన్నా తేలికగా ఎలా చెప్పగలం? సరైన పరీక్ష 90 కాదు. మీరు పనిచేసే ప్రాంతపు హద్దులే సరైన పరీక్ష.

కాలం సంగతి చూడండి. సమయాన్ని ప్రపంచ ప్రామాణిక కాలంలో దాచమని పుస్తకాలు చెబుతాయి. మంచి సలహాయే. మన భారత ప్రామాణిక కాలం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. ఆ కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. వండూర్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అందువల్ల అదే అక్షాంశం మీద ఆ రేఖాంశం దగ్గరికన్నా సుమారు 40 నిమిషాల ముందే తెల్లవారుతుంది. వేసవిలో ఉదయం అయిదు గంటలకే పక్షులు కూస్తాయి. జూన్ 5వ తేదీ ఉదయం 5 గంటలు అంటే ప్రామాణిక కాలంలో జూన్ 4వ తేదీ రాత్రి 11.30. దాచిన సమయం నుంచి నేరుగా తేదీని కత్తిరించి తీసుకుంటే ఆ ఉదయపు పక్షులన్నీ నిన్నటి లెక్కలో పడతాయి. ఆరు గంటలకు చూసినవి మాత్రం ఈరోజు లెక్కలోకి వస్తాయి. ఒకే ఉదయం రెండు రోజులుగా చీలిపోతుంది. తేదీ తీసే ముందు మళ్లీ మన కాలంలోకి మార్చుకోవాలన్న రెండో సగం సలహా చాలా జవాబుల్లో ఉండదు.

చివరిది, పంపడం. చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు 2020 ఆగస్టులో ప్రారంభమైంది. అంతకు ముందు దీవులు ఉపగ్రహ సంబంధాల మీదే ఆధారపడ్డాయి. కేబులు ఊరిదాకా వచ్చినంత మాత్రాన పడవలో ఉన్న ఫోనుకు సిగ్నలు ఉంటుందన్న హామీ లేదు. విద్యార్థి ‘పంపు’ నొక్కాడు, జవాబు రాలేదు, మళ్లీ నొక్కాడు. డేటాబేసులో రెండు నమోదులు చేరాయి. రెడీమేడ్ జవాబు: ‘ఒకేలా ఉన్న వరుసల్లో ఒకటి ఉంచి మిగతావి తీసేయండి’. కాని ఇద్దరు విద్యార్థులు వేరువేరుగా, అదే చోట, అదే గంటలో, రెండేసి కొంగలను చూసి ఉంటే? నిజమైన రెండో నమోదు కూడా పోతుంది. సరైన మార్గం ఏమిటంటే, నమోదు చేసిన క్షణంలోనే ఫోను దానికి మరెక్కడా రాని ఒక సంఖ్య ఇవ్వాలి. ఎన్నిసార్లు పంపినా ఆ సంఖ్య మారదు. డేటాబేసు ఆ సంఖ్యను చూసి రెండోసారి వచ్చినదాన్ని పక్కన పెడుతుంది. తప్పును తరువాత ఊహించి తుడవడం కన్నా పుట్టినచోటే గుర్తు పెట్టడం మేలు కదా.

ప్రోగ్రాముల్లో ‘ఏదీ లేదు’ అని సూచించే ఖాళీ ఆనవాలును 1965లో ఆల్గాల్ డబ్ల్యు భాషలో టోనీ హోర్ ప్రవేశపెట్టాడు. అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని ఆయనే 2009లో ఒక ఉపన్యాసంలో అన్నాడు. ఆండ్రాయిడ్ ఫోన్లకు 2017 నుంచి గూగుల్ ఆమోదం పొందిన కోట్లిన్ భాష, ఒక విలువ ఖాళీగా ఉండవచ్చో లేదో ముందే చెప్పమంటుంది. ఖాళీ కావచ్చన్నదాన్ని ఖాళీ కాదన్నట్టు వాడితే ప్రోగ్రామును అంగీకరించదు. ఎంతో శ్రమపడి చేసిన ఏర్పాటు అది. అయినా ‘అక్కడ రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టండి, ఒప్పుకుంటుంది’ అని చెప్పే జవాబులున్నాయి. ఆ రెండు గుర్తుల అర్థం ‘ఇది ఖాళీ కాదు, నా మాట నమ్ము’ అని. ఖాళీగా ఉంటే ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ కూలుతుంది, అదీ విద్యార్థి ముందు కాదు, పడవలో ఉన్నవాడి చేతిలో.

మన తీర్పు

ఈ జవాబులన్నిటిలోనూ ఉన్న లోపం ఒకటే. ఎర్ర అక్షరాలు పోవడాన్నే అవి విజయంగా లెక్కిస్తాయి. తప్పు సందేశం మన శత్రువు కాదు. ‘ఇక్కడ ఏదో నాకు తెలియదు’ అని యంత్రం నిజాయితీగా చెప్పిన మాట అది. దాన్ని మాట్లాడనివ్వకుండా చేస్తే యంత్రం తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం మొదలుపెడుతుంది. పగడపు దిబ్బల విషయంలో అది ఒక వేడి వేసవిని దాచేస్తుంది. రేపు మీరు ఉద్యోగంలో చేరి ఆసుపత్రి రికార్డులకు ప్రోగ్రాము రాస్తే, పరీక్ష చేయించుకోని రోగిని జబ్బు లేనివాడిగా చూపిస్తుంది. కృత్రిమ మేధ రాసిచ్చే జవాబులు ఈ లోపానికి అతీతం కావు. మీ గడి ఎందుకు ఖాళీగా ఉందో మీరు చెప్పకపోతే దానికీ తెలియదు.

జవాబులు రాసేవారికి ఒక సూచన. ప్రతి జవాబు కింద ఒక్క వాక్యం చేర్చండి: ‘ఇది ఎప్పుడు పనికిరాదంటే...’ అని. మందుల డబ్బాలో ఎవరు వాడకూడదో రాసిన కాగితం ఉంటుంది కదా, అలాంటిదే ఇది.

వాడేవారికి నాలుగు ప్రశ్నలు. జవాబు అతికించక ముందు ఎన్ని వరుసలున్నాయి, తరువాత ఎన్ని ఉన్నాయి? మారిన గడుల్లో ఖాళీకి అర్థం ఏమిటి? ఆ అర్థం ఎవరికి తెలుసు, వారిని అడిగారా? తప్పని తేలితే వెనక్కి వెళ్లడానికి అసలు పట్టిక ముట్టుకోకుండా భద్రంగా ఉందా? నాలుగింటికీ జవాబు చెప్పగలిగితే ఆ రెడీమేడ్ జవాబును నిస్సంకోచంగా వాడుకోండి.

మీరే చేసి చూడండి: ఏ స్ప్రెడ్‌షీటులోనైనా ఒకదాని కింద ఒకటిగా 12, 15, 9, ఖాళీ, ఖాళీ, 12 వేసి సగటు అడగండి. 12 వస్తుంది. ఖాళీల్లో సున్నా వేయండి, 8 అవుతుంది. ఇప్పుడు సున్నాలు తీసేసి, ఖాళీల్లో సగటైన 12నే నింపండి. సగటు మళ్లీ 12! అయితే ఈ మూడో పద్ధతి నిర్దోషమా? ఎన్ని నెలలు లెక్కపెట్టారని ఎవరైనా మిమ్మల్ని అడిగితే మీ పట్టిక ఏమని చెబుతుందో ఆలోచించండి.